విమానం తోకకి పసుపు

నా ఉద్యోగం చప్పుళ్ళు వినడం. మ్యూనిక్‌లో కార్లు తయారుచేసే చోట, ఒక మూసిన గదిలో, ఇంత లావు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను. ఏ వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతోంది, ఏ తలుపు గుయ్‌మంటోంది, ఎందుకంటోంది, ఇదే పని. ఇంటికొచ్చాక కూడా చెవులు ఊరుకోవు. పక్క ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే, దానికి ఒక కాలు పొట్టిగా ఉందని మా వంటింట్లోంచే చెప్పేస్తాను. "నీతోని కాపురమంటే పోలీస్ కుక్కతోని కాపురమే" అంటాడు మా ఆయన. అననీ, నాకేం.

ఆయనది కంప్యూటర్ల పని, పిచ్చి మాత్రం విమానాలది. ఇక్కడికొచ్చి కాస్త కుదురుకున్నాక లైసెన్స్ తెచ్చుకున్నాడు. సరే, ముచ్చట తీరింది కదా అనుకున్నాను. తీరలేదు. ఒకరోజు వచ్చి, "సగం కట్టిన విమానం ఒకటి దొరికింది, మిగతా సగం నేను కడత" అన్నాడు. ఇంటి దగ్గర విమానం కట్టుకోవడమేంటి, ఇదేం చోద్యం అనుకుంటారేమో. ఇక్కడ కట్టుకుంటారు. కొట్టాల్లో, గరాజుల్లో, ఏళ్ళ తరబడి శనివారాలన్నీ ధారపోసి కట్టుకుంటారు. ఒక ఇన్‌స్పెక్టర్ మధ్యమధ్యలో వచ్చి చూసి, సరేనంటే ముందుకి, కాదంటే మళ్ళీ మొదటికి.

ఎస్-బాన్ లోకల్ రైలు ఆఖరి స్టేషన్ దాటి పొలాల్లోకి పోతే ఒక చిన్న ఊరు. ఊరి చివర చర్చి, దాని సమాధులు, వాటిని ఆనుకుని ఒక ముసలావిడ ఇల్లు. ఇంటి వెనక పాతకాలపు కొయ్య కొట్టం. కొట్టం తలుపులు తీస్తే ఎదురుగా ఫ్లయింగ్ క్లబ్ వాళ్ళ గడ్డి రన్‌వే. ఆ విమానాన్ని మొదలుపెట్టింది ఆవిడ భర్త. తోక పూర్తిచేసి, రెక్కలు మొదలుపెట్టేలోగా జబ్బు చేసి పోయాడు. ఆవిడ అమ్మడానికి ఒప్పుకుంది గానీ ఒక్క షరతు పెట్టింది. విమానం ఎగరడానికి తప్ప ఆ కొట్టం దాటి పోకూడదు.

మేము వెళ్ళినప్పుడల్లా ఆవిడ ట్రేలో కాఫీ తెచ్చేది. మా ఆయనకొకటి, నాకొకటి, తనకొకటి, ఇంకో కప్పు పనిబల్ల చివర పెట్టేది. అది పోయినాయన కప్పు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. సాయంత్రం మేం బయల్దేరేటప్పుడు చూస్తే ఆ కప్పు ఖాళీగా ఉండేది. పక్కనే కుండీలో జెరేనియం మొక్క ఉంది, అందులో పోసేదేమో అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆవిడ పోయగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మొదటిరోజే ఆవిడ మమ్మల్ని తోక దగ్గరికి తీసుకెళ్ళింది. విమానం తోకకి వెనక అంచున అడ్డంగా ఒక కదిలే పలక ఉంటుంది. పైలట్ చేతిలో కర్ర వెనక్కి లాగితే అది పైకి లేస్తుంది, ముందుకి తోస్తే కిందికి దిగుతుంది. ఆవిడ ఒక్క వేలితో ఆ పలకని కాస్త పైకెత్తి వదిలేసింది. అది పడలేదు. ఎత్తిన చోటే నిలబడిపోయింది. మళ్ళీ కిందికి దించి వదిలింది. అక్కడా అలాగే ఆగిపోయింది.

"చూశారా, ఇంకా పట్టుకునే ఉన్నాడు" అంది.

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పలక ముందు భాగంలో సీసం బిగించి సరితూగేట్టు చేశాడాయన, అందుకే నిలబడింది. నాకా సంగతి తెలుసు, అయినా ఒళ్ళు జలదరించింది.

సీసం ఎందుకంటే, ఫ్లట్టర్ అని ఒకటుంది. ఆ పలక వెనకవైపు బరువెక్కితే, ఒకానొక వేగం దగ్గర గాలి దాన్ని ఊపడం మొదలుపెడుతుంది. ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడల్లా తోసినట్టు, ప్రతి ఊపుకీ ఇంకొంచెం. కాకపోతే ఉయ్యాలకి టైం పడుతుంది, దీనికి పట్టదు. ముందు గుయ్‌మంటుంది. ఆ గుయ్ ఏమిటా అని ఆలోచించేలోపే తోక ఊడిపోతుంది. కార్లలో కూడా వణుకులుంటాయి, కానీ కారు వణికితే పక్కకి ఆపి దిగొచ్చు. నా భయమంతా అక్కడే ఉండేది. మా ఆయనతో చెబితే, "సరితూగేదాక నేనే ఎగర, సరేనా" అనేవాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. రంగు వేశాక మళ్ళీ తూచాడు, ఇన్‌స్పెక్టర్ చూశాడు, నేనూ నా వేలితో ఎత్తి చూశాను. పలక నిలబడింది.

విమానం పూర్తయ్యేటప్పటికి దసరా వచ్చింది, వరంగల్ నుంచి మా అత్తమ్మ వచ్చింది. కొడుకు బండి కొన్నా, కారు కొన్నా ఆమె చేతి పూజ లేకుండా రోడ్డెక్కనిచ్చేది కాదు. విమానాన్ని వదులుతుందా? మాకిక్కడ అక్టోబర్‌లో గుమ్మడికాయలకి కరువేం లేదు, ఏ పొలం పక్కన చూసినా కుప్పలే. నిమ్మకాయలు టర్కీ కొట్లో, బంతిపూలు ఆ ముసలావిడ పెరట్లో. అత్తమ్మ కొట్టంలోకి అడుగుపెట్టి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంతేనా? నేను బస్సంత ఉంటదనుకున్న" అంది. మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

నేను బయట గుమ్మడికాయ కడుగుతున్నాను. ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. అత్తమ్మ పసుపులో కాసింత బియ్యప్పిండి కలిపి, జారకుండా గట్టిగా ముద్ద చేసుకుని, తోక దగ్గర చేరింది. ఆ అడ్డపలక ఆమె కళ్ళకి అచ్చం గడపలాగే కనబడిందట. పైనా కిందా పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. ఎంత బావుందో! నిజంగానే ఏ ఇంటి గుమ్మమో ఊడొచ్చి అక్కడ నిలబడ్డట్టుంది. అంతటితో ఆగితే బాగుండేది. పైన నిటారుగా ఉన్న తోక మీద, వేలితో, ఇంత పెద్ద స్వస్తిక్ గీసింది.

సరిగ్గా అప్పుడే ముసలావిడ కేక్ పళ్ళెంతో లోపలికొచ్చింది.

ఆ కొట్టంలో వెలుతురు తక్కువ. ఆ వెలుతుర్లో, విమానం తోక మీద, ఆ గుర్తు. నేను గుమ్మంలో నిలబడి ముందు ఆవిడ మొహం చూశాను, తర్వాత తోక చూశాను, నా చేతిలో గుమ్మడికాయ జారిపోయింది. ఆవిడ అరవలేదు. పళ్ళెం మెల్లగా బల్ల మీద పెట్టి, "కడిగేయండి, దయచేసి" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. అది ఏ వయసునాటి జ్ఞాపకమో, ఎవరిదో, నేను అడగలేదు.

"అమ్మా! గిక్కడ అది గీస్తే పోలీసులొస్తరే!" అని మా ఆయన గోడకున్న నీళ్ళ పైపు లాగి తోకంతా కడిగిపారేశాడు. మొక్కలకి పోసే సన్నటి ధార కాదు, కారు కడిగే జోరు. పసుపు నీళ్ళు పైనుంచి కారి, అడ్డపలక మీదుగా, దాని సందుల్లోంచి, నేలమీదికి. అత్తమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టిన పసుపు పెట్టినట్టే కడిగేస్తుంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? "పూజ చేసిన చేతులు ఇంక ఆరనే లేదురా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనామెకి చెప్పడానికి ప్రయత్నించాను. మన గుర్తుని ఇక్కడ ఒకప్పుడు ఎవరో ఎత్తుకుపోయి పాడుచేశారని, అది చూస్తే వీళ్ళకి చచ్చినవాళ్ళు గుర్తొస్తారని. ఆమె అంతా విని, "మరి గా ముసలామెకు నేను దండం పెట్టి చెప్పొస్త" అంది. వెళ్ళి చెప్పింది కూడా, తెలుగులోనే. ఆవిడ అత్తమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత వారం మా ఆయన ఎగిరాడు. మధ్యస్థంగా వేగం పెంచి చూసే రోజది. దాని పైవారం ఆఖరి పరీక్ష, ముక్కు కిందికి వంచి, విమానం పోగలిగినంత వేగంగా పోవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. పప్పు కలుపుకుంటూ చెప్పాడు.

"ఒక్క క్షణం, కర్ర చేతిల గుర్రుమందమ్మా. సైలెంట్‌ల పెట్టిన ఫోన్ మోగినట్టు. వేగం తగ్గిస్తే పోయింది. దిగినంక ఆ పెద్దమ్మకి చెప్పిన. 'నా చెయ్యి కూడా అట్లనే తాకేవాడు' అంది. ఆ ముసలాయన పలకరించిండనుకుంట."

అత్తమ్మ రెండు చేతులూ జోడించింది. నేను కంచం పక్కకి జరిపాను. ముసలాయన పలకరింపు కాదది. ఆ గుర్రు ఏమిటో నాకు తెలుసు. రోజూ చెవుల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అత్తమ్మ ముందు ఆయన్ని "మీరు" అంటాను. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవగానే, "నువ్వు ఆ విమానం ఎక్కుతే చూడు" అన్నాను.

"తూచిన కదనే! నువ్వు గూడ చూసినవ్ కదా!"

"చూసిన. అయినా గుర్రుమంది. ఎందుకన్నది?"

"కొత్త విమానం, ఏదో కొంచెం..."

"ఏదో కొంచెం ఏంది నా తలకాయ! ఆ కొంచెమే పైవారం వేగంలో ఏమైతదో నీకు తెల్వదా?"

ఆయనకి తెలుసు. తెలిసీ వినదల్చుకోలేదు. ఇన్‌స్పెక్టర్ టెర్మిన్ ఇచ్చేశాడు, అంటే వచ్చే తేదీ ఖాయం చేసేశాడు, చలికాలం ముంచుకొస్తోంది, ఇన్నేళ్ళ శనివారాలు. "నువ్వు గూడ మా అమ్మ లెక్కనే అయితున్నవ్" అన్నాడు చివరికి. నేనేమన్నానో ఇక్కడ రాయను. వారమంతా ఇంట్లో మాటల్లేవు. అత్తమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఉప్పు తక్కువైందేమో అనుకుని కూరలో ఉప్పు పెంచుతూ పోయింది.

ఆ శనివారం పొద్దున నేనూ కారెక్కాను, అత్తమ్మా ఎక్కింది. దారంతా పొగమంచు. ఊరి దగ్గరికొచ్చేసరికి చర్చి కనబడలేదు గానీ సమాధుల మీద ఎర్రటి దీపాలు మాత్రం వరసగా కనిపించాయి. చనిపోయినవాళ్ళ పండగ రోజులవి, పగలు కూడా వెలుగుతుంటాయి. "పట్టపగలు గీ దీపాలేంది బిడ్డా?" అంది అత్తమ్మ, సమాధానం కోసం ఆగకుండా కళ్ళు మూసుకుంది.

మా ఆయన మంచు విడుతుందేమో చూడ్డానికి రన్‌వే మీదికి వెళ్ళాడు. అత్తమ్మ ముసలావిడ వంటింట్లో వెచ్చగా కూర్చుంది. నేనొక్కదాన్నే కొట్టంలోకి వెళ్ళాను.

ఎక్కడా గాలి లేదు. లోపల చప్పుడన్నది లేదు, నా చెవులకే లేదంటే అర్థం చేసుకోండి. విమానం కర్ర ఊగకుండా మా ఆయన సీటు బెల్టుతో కట్టేసి ఉంచుతాడు. నేను వంగి ఆ బెల్టు విప్పాను.

కర్ర కదిలింది. ఎవరూ లేని సీటు ముందు, ఎవరో చెయ్యి వేసి తోసినట్టు, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ముందుకి వంగిపోయింది. వెనక తోక దగ్గర ఏదో ఆనిన చిన్న చప్పుడు.

పరిగెత్తుకుపోదామనిపించింది. నిజం, కాళ్ళు గుమ్మం వైపే తిరిగాయి. కానీ మా ఆయన ఇంకాసేపట్లో ఆ సీట్లో కూర్చోబోతున్నాడు. వెనక్కి, తోక దగ్గరికి నడిచాను. పలక కిందికి వేలాడుతోంది. ఒక వేలితో ఎత్తాను. బరువు. వదిలాను. ఒక్క ఊపిరి కాలం ఆగింది, తర్వాత నా కళ్ళ ముందే వాలిపోయింది. వాలేటప్పుడు దాని లోపల, నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు, మెత్తగా ఏదో దొర్లింది.

ట్రే పెట్టిన చప్పుడైతే వెనక్కి తిరిగాను. ముసలావిడ గుమ్మంలో నిలబడి పలకనే చూస్తోంది.

"చెయ్యి వదిలేశాడు" అంది. అని అక్కడే స్టూలు మీద కూలబడింది.

నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ మాట నేనూ నమ్మబోయినందుకు. పలకకి చెవి ఆనించాను. గోటితో పై అంచునుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాను. టక్ టక్ టక్, ఆపైన కింది అంచు దగ్గర ఠప్ మని మూగబోయింది. నిండు బిందెని తడితే వచ్చే శబ్దం. లోపల నీళ్ళున్నాయి. కానీ నీళ్ళు నిలవకూడదు. లోపల చేరిన తడి కారిపోవడానికి పలక కింది అంచున సన్నటి రంధ్రాలు ఉంచుతారు. వంగి చూశాను. రంధ్రాల్లేవు. వాటి చోట పసుప్పచ్చటి చుక్కలున్నాయి, సిమెంటులా గట్టిపడి.

మా ఆయనా అత్తమ్మా కలిసే లోపలికొచ్చారు. ఆయన "మంచు విడుతుంది, పది..." అంటూ నన్ను చూసి ఆగిపోయాడు. "ఓ పిన్నీసుంటే ఇవ్వండి అత్తమ్మా" అన్నాను. ఆమె పుస్తెలతాడుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసిచ్చింది. చుక్కలోకి గుచ్చి తిప్పాను. పసుపు పొడిపొడిగా రాలింది. ఆ వెనకే నీళ్ళు. పూజ రోజు పైపుతో కడిగిన పచ్చటి నీళ్ళు, సన్నటి ధారగా, ఆగకుండా. రెండో రంధ్రం పొడిచాను, అందులోంచీ. కొట్టమంతా తడి పసుపు వాసన, మా ఇంట్లో పెళ్ళప్పుడు వచ్చిన వాసన. నేలమీద మడుగు కట్టి మా ఆయన బూట్ల దాకా వచ్చింది. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గవి నేనే పూడ్చిన బిడ్డా" అంది అత్తమ్మ. "పురుగు కొట్టిందనుకున్న. గడపకు చిల్లు పడితే పసుపు పెట్టి పూడుస్తం గదా." మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైతది? నీళ్ళుంటే ఏమైతదిరా?"

"ఏంగాదమ్మా."

"ఏంగాకపోతే నీ మొహం గట్లెందుకైంది?"

ఆయన తల వంచుకుని మడుగు వైపు చూశాడు. నేనైనా ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండాల్సింది. అబద్ధం అందలేదు. మా మౌనంలోనే ఆమెకి అంతా తెలిసిపోయింది. చదువు లేకపోతేనేం, కొడుకు మొహం చదవడం రాదా? ఆమె తన చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

ఆ రోజు ఎవరూ ఎగరలేదు. మా ఆయన ఇన్‌స్పెక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు. పలక ఊడదీసి, ఆరబెట్టి, మళ్ళీ తూచి, మళ్ళీ బిగించాడు. ప్రతి రంధ్రం నేను స్వయంగా తీగ పెట్టి చూశాను. నవంబర్‌లో అదృష్టం కొద్దీ ఒక తేట రోజు దొరికింది. ఎండ ఉంది, ఆకాశం కడిగినట్టుంది. నాకింక భయం లేదని చెప్పను. తగ్గింది, అంతే.

ఎక్కేముందు మా ఆయన అలవాటు ప్రకారం వంగి తల్లి కాళ్ళకి దండం పెట్టి, లేవకుండా అలాగే ఉండిపోయాడు, తల మీద చెయ్యి వేస్తుందని. ఆమె వెయ్యలేదు. ఒక అడుగు వెనక్కి జరిగింది.

"వద్దురా. నా చేతులు నీమీద పెట్టియ్యకు."

"అమ్మా, ఏందే ఇది..."

"పో బిడ్డా, మంచిగ పోయి రా. చేతులు మాత్రం పెట్టియ్యకు."

ఆయన లేచి, నా వైపు చూసి, వెళ్ళి కూర్చున్నాడు. విమానం గడ్డి మీద పరిగెత్తి, లేచి, చిన్నదైపోయింది. పై నుంచి ముక్కు వంచి దిగుతున్నప్పుడు నేను కళ్ళు మూసుకుని చెవులు మాత్రం తెరిచి పెట్టాను. ఇంజిన్ గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది, మా తలల మీదుగా దూసుకుపోయింది. ఆ చప్పుడులో గుర్రు లేదు, గుయ్ లేదు. శుభ్రంగా ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయిపోయింది అత్తమ్మా, ఏంగాలేదు. అటు చూడండి, రెక్క ఊపుతున్నడు, మీరూ చెయ్యూపండి" అన్నాను.

ఆమె ఆకాశంలోకే చూస్తోంది. చేతులు కొంగు లోపలే ఉన్నాయి.

"మొన్న పోయుంటే, నేను గీడనే నిలవడి, నవ్వుకుంట, చెయ్యూపుతుంటి గదా బిడ్డా" అంది.

విమానం దిగి, కొట్టం ముందుకొచ్చి, ఇంజిన్ ఆగేదాకా ఆమె చేతులు బయటికి తియ్యలేదు.